పెన్ డ్రైవ్‌లోని ఫోల్డర్లు షార్ట్‌కట్‌లుగా మారిపోతే ఏం చేయాలి?

“జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకుని వచ్చి పెన్ డ్రైవ్ పెట్టి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా కనిపిస్తున్నాయి, లోపల ఉన్నవన్నీ పోయినట్టేనా?” అని ఏడాది పొడవునా ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. కాలేజీ కౌన్సెలింగ్ రోజుల్లోనూ ఉద్యోగ దరఖాస్తుల సమయంలోనూ ధ్రువపత్రాల కోసం పెన్ డ్రైవ్‌లు షాపుల చుట్టూ తిరుగుతాయి కనుక అప్పుడు ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వస్తుంది. అందరికీ విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒక మెట్టు మరిచిపోతున్నాను, అడిగినవారు సరిగ్గా అక్కడే చిక్కుకుంటున్నారు. అందుకే మొత్తం క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ధైర్యం చెప్పే మాట ఒకటి. చాలా సందర్భాలలో మీ ఫైళ్లు ఎక్కడికీ పోలేదు, అదే పెన్ డ్రైవ్‌లో కనబడకుండా ఉన్నాయి. వాటిని నిజంగా పోగొట్టేది వైరస్ కాదు, భయపడి మనం చేసే ఫార్మాట్.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. నేను ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. 2014లో మా చెల్లెలి పెళ్లి ఫొటోలు 16 జీబీ పెన్ డ్రైవ్‌లో వేసి, వాటిలో నలభై ఎంచి ప్రింటు తీయించడానికి ఒక షాపులో ఇచ్చాను. తిరిగి వచ్చి పెట్టి చూస్తే “పెళ్లి”, “రిసెప్షన్”, “వ్రతం” అన్న మూడు ఫోల్డర్ల బొమ్మల మూలల్లోనూ చిన్న బాణం గుర్తు చేరి ఉంది. ఒక్కోదాని సైజు 2 కేబీ. ఫొటోలన్నీ పోయాయనుకుని, వైరస్‌ను వదిలించుకోవాలన్న తొందరలో వెంటనే ఫార్మాట్ చేశాను. అప్పటికే ఆ షార్ట్‌కట్‌లను రెండుసార్లు తెరిచి ఉండడం వల్ల నా కంప్యూటర్‌లోకి కూడా వైరస్ చేరింది. ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్‌లో కొత్త పని వేసుకున్న కొద్దిసేపటికే మళ్లీ బాణాలు వచ్చాయి. ఆ వారంలో శుభలేఖల పని కోసం వచ్చిన ఇద్దరి పెన్ డ్రైవ్‌లకు నా కంప్యూటర్ నుంచే అది అంటుకుంది. ఫొటోలు అసలు పోలేదని, దాచి మాత్రమే ఉన్నాయని తరువాత తెలిసింది. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికితే కొన్ని దొరికాయి కానీ, ఆ పెన్ డ్రైవ్ మీద కొత్త ఫైళ్లు రాసేసి ఉండడం వల్ల వాటిలో చాలావరకు పై సగం మాత్రమే ఫొటో, కింది సగమంతా బూడిద రంగు. తలంబ్రాల ఫొటో ఒకదానిలో చేతులు పైన ఉన్నాయి, ముఖాలు లేవు. ఆ నష్టం ఇంకెవరికీ జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ వైరస్ చేసే పని ఏమిటంటే

పెన్ డ్రైవ్‌లోని అసలు ఫోల్డర్లకు, ఫైళ్లకు “హిడెన్”, “సిస్టమ్” అనే రెండు గుర్తులు తగిలించి కంటికి కనబడకుండా చేస్తుంది. వాటి స్థానంలో అవే పేర్లతో షార్ట్‌కట్‌లను పెడుతుంది. మీరు షార్ట్‌కట్‌ను తెరిస్తే ముందు వైరస్ నడుస్తుంది, ఆ వెంటనే మీ అసలు ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. ఫోల్డర్ మామూలుగానే తెరుచుకోవడం వల్ల చాలామందికి అనుమానం రాదు. కొన్ని రకాలు అన్ని ఫైళ్లనూ పేరే కనిపించని ఒక దాచిన ఫోల్డర్‌లోకి తరలించి, బయట పెన్ డ్రైవ్ పేరుతోనే ఒకే ఒక షార్ట్‌కట్‌ను ఉంచుతాయి. ఇంతకు మించిన సిద్ధాంతం మనకు అవసరం లేదు.

కావలసినవి

విండోస్ 10 లేదా 11 ఉన్న మీ కంప్యూటర్, దానిలో అడ్మినిస్ట్రేటర్ ఖాతా, ఇంటర్నెట్ కనెక్షన్ ఉండాలి. వైరస్ సోకిన పెన్ డ్రైవ్ కాకుండా, పోయినా ఫరవాలేని పాత పెన్ డ్రైవ్ మరొకటి పరీక్ష కోసం కావాలి. ఫైళ్లు ముందుగా కంటితో చూసుకోవడానికి ఆండ్రాయిడ్ ఫోను, పెన్ డ్రైవ్‌ను ఫోనుకు కలిపే ఓటీజీ కేబుల్ ఉంటే చాలా మేలు. పూర్తి స్కాన్‌కు హార్డ్ డిస్క్ పరిమాణాన్ని బట్టి కొన్ని గంటలు పట్టవచ్చు కనుక తీరిక ఉన్న రోజున మొదలుపెట్టండి.

చేయవలసిన క్రమం

1. పెన్ డ్రైవ్‌ను తీసి పక్కన పెట్టండి. ఫార్మాట్ చేయకండి. ఏ షార్ట్‌కట్‌నూ మళ్లీ డబుల్ క్లిక్ చేయకండి. “ఇంకో కంప్యూటర్‌లో అయినా తెరుచుకుంటుందేమో” అని పక్కింటి కంప్యూటర్‌లోనో ఆఫీసు కంప్యూటర్‌లోనో పెట్టి చూడకండి, ఇది వ్యాపించేది ఆ దారిలోనే.

2. ఫైళ్లు ఉన్నాయో లేదో ఫోనులో చూసుకోండి. పెన్ డ్రైవ్‌ను ఓటీజీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోనుకు కలిపి ఫైల్ మేనేజర్ తెరవండి. విండోస్ తగిలించే “హిడెన్” గుర్తును ఆండ్రాయిడ్ సాధారణంగా పట్టించుకోదు, విండోస్ కోసం రాసిన ఈ వైరస్ అక్కడ నడవదు. కాబట్టి అసలు ఫోల్డర్లు మామూలుగానే కనబడతాయి. మరునాడే సమర్పించవలసిన ధ్రువపత్రం లాంటిది ఉంటే ఆ ఒక్క పీడీఎఫ్‌ను ఫోనులోకి కాపీ చేసుకుని ముందు ఆ పని కానివ్వండి. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్‌లను కొన్ని ఫోన్లు చదవలేవు. అప్పుడు ఫోను “ఫార్మాట్ చేయమంటారా” అని అడగవచ్చు, వద్దని చెప్పి తీసేయండి.

ఓటీజీ లేకపోతే మరో మార్గం ఉంది. కంప్యూటర్‌లో పెన్ డ్రైవ్ పేరు మీద రైట్ క్లిక్ చేసి “ప్రాపర్టీస్” చూడండి. లోపల నాలుగు షార్ట్‌కట్‌లు తప్ప ఏమీ కనబడకపోయినా, “యూజ్డ్ స్పేస్” దగ్గర 6 జీబీ, 8 జీబీ అని పాత సంఖ్యే ఉంటే మీ ఫైళ్లు లోపలే ఉన్నట్టు.

3. మీ కంప్యూటర్‌కు వైరస్ సోకిందో లేదో తేల్చుకోండి. షార్ట్‌కట్‌ను ఒక్కసారైనా డబుల్ క్లిక్ చేసి ఉంటే సోకిందనే భావించి ముందుకు వెళ్లండి. సందేహం ఉంటే, పక్కన పెట్టుకున్న పాత పెన్ డ్రైవ్‌ను ఈ కంప్యూటర్‌లోనే ఫార్మాట్ చేసి, దానిలో “పరీక్ష” అనే ఫోల్డర్ సృష్టించి, అందులో ఏదైనా ఒక ఫొటో వేయండి. దాన్ని తీసి మళ్లీ పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, ఎఫ్5 మీట నొక్కి చూడండి. ఆ ఫోల్డర్‌కు బాణం గుర్తు వస్తే వైరస్ ఈ కంప్యూటర్‌లో ఇప్పుడు నడుస్తూనే ఉందన్న మాట. రాకపోతే మంచిదే, కానీ ఆ ఒక్క ఆధారంతో స్కాన్ మానేయకండి.

4. పెన్ డ్రైవ్ కంటే ముందు కంప్యూటర్‌ను శుభ్రం చేయండి. నేను చూసినంతలో పదిమందిలో ఎనిమిది మంది తప్పు చేసేది ఇక్కడే. వైరస్ ఉన్న కంప్యూటర్‌లో పెన్ డ్రైవ్‌ను ఎన్నిసార్లు బాగుచేసినా కొన్ని క్షణాలలో మొదటికి వస్తుంది.

స్టార్ట్ మెనూలో “విండోస్ సెక్యూరిటీ” తెరిచి “వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్”లోకి వెళ్లండి. ముందుగా “ప్రొటెక్షన్ అప్‌డేట్స్” కింద తాజా సమాచారాన్ని దించుకోండి. తరువాత “మేనేజ్ సెట్టింగ్స్”లోకి వెళ్లి కిందికి జరిపి “ఎక్స్‌క్లూజన్స్” జాబితా చూడండి. ఇది చాలామందికి తెలియని చోటు. ఈ జాబితాలో ఉన్న ఫోల్డర్లను డిఫెండర్, అంటే విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్, స్కాన్ చేయదు. కొన్ని వైరస్‌లు తమ ఫోల్డర్‌ను తామే ఇందులో చేర్చుకుంటాయి. క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసుకునేటప్పుడు ఎవరో చెప్పారని మనమే చేర్చి మరిచిపోయినవీ ఇక్కడే ఉంటాయి. ఒకసారి సి డ్రైవ్ మొత్తాన్నీ ఈ జాబితాలో చేర్చి ఉన్న కంప్యూటర్‌ను నేను చూశాను, దాని యజమాని మూడు నెలలుగా ప్రతి వారం స్కాన్ చేస్తూ “ఏమీ లేదు” అన్న సమాధానంతో నిశ్చింతగా ఉన్నారు. మీకు కారణం తెలియని పద్దు ఏది ఉన్నా తీసేయండి.

ఇప్పుడు “స్కాన్ ఆప్షన్స్”లో “ఫుల్ స్కాన్” ఎంచుకుని నడపండి. అది పూర్తయ్యాక, చేస్తున్న పనులన్నీ సేవ్ చేసుకుని, అదే చోట ఉన్న “మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్” నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా మొదలుకాకముందే స్కాన్ జరుగుతుంది. దీనికి పావుగంట పడుతుంది. వైరస్ మేలుకోకముందే పట్టుకోవడానికి ఉన్న ఏర్పాటు ఇది కనుక దీన్ని వదిలిపెట్టవద్దు. ఫలితాలు “ప్రొటెక్షన్ హిస్టరీ”లో కనిపిస్తాయి.

హెచ్చరిక: డిఫెండర్ ఉండగా మరో రెండు యాంటీవైరస్‌లు అదనంగా వేయకండి. అవి ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది, రక్షణ పెరగదు. గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ ఉంటే తీసేయండి, డిఫెండర్ మళ్లీ పనిలోకి వస్తుంది. డబ్బు కట్టి వాడుతున్న యాంటీవైరస్ ఉన్నవారు ఇవే పనులు దానితోనే చేసుకోవచ్చు.

5. వైరస్ మళ్లీ లేచే దారిని మూసేయండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, “స్టార్టప్” విభాగానికి వెళ్లండి. నిలువు వరుసల శీర్షికల మీద రైట్ క్లిక్ చేసి “కమాండ్ లైన్” అన్నదానికి టిక్ పెడితే, కంప్యూటర్ మొదలైనప్పుడు ఏ ఫైలు ఎక్కడినుంచి నడుస్తోందో పూర్తిగా కనబడుతుంది. ఆ వరుసలో “డబ్ల్యూస్క్రిప్ట్” అనే మాట ఉండి, చివర వీబీఎస్ లేదా జేఎస్ అనే మూడు, రెండు అక్షరాలతో ముగిసే ఫైలు పేరు, అది కూడా “యాప్‌డేటా” లేదా “టెంప్” ఫోల్డర్‌లో ఉన్నట్టు కనిపిస్తే అది దాదాపుగా మనం వెతుకుతున్నదే. దాన్ని “డిసేబుల్” చేసి, ఆ ఫైలు ఉన్న చోటికి వెళ్లి తొలగించండి. తొలగించనివ్వకపోతే అది ఇంకా నడుస్తోందని అర్థం. టాస్క్ మేనేజర్ “ప్రాసెసెస్” విభాగంలో “విండోస్ బేస్డ్ స్క్రిప్ట్ హోస్ట్” అన్నదాన్ని ఆపి మళ్లీ ప్రయత్నించండి.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. డబ్ల్యూస్క్రిప్ట్ అనేది విండోస్‌తో పాటు వచ్చే ప్రోగ్రామే, వైరస్ కాదు. దాన్ని వైరస్ తన పనికి వాడుకుంటోంది అంతే. కాబట్టి తొలగించవలసింది అది నడిపే ఆ చిన్న స్క్రిప్ట్ ఫైలును మాత్రమే.

స్కాన్ తరువాత కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ “స్క్రిప్ట్ ఫైలు దొరకలేదు” అనే అర్థం వచ్చే ఇంగ్లీషు సందేశం చిన్న పెట్టెలో వస్తోందని కొందరు కంగారుపడతారు. యాంటీవైరస్ ఆ ఫైలును తీసేసింది గానీ దాన్ని పిలిచే స్టార్టప్ పద్దు మిగిలిపోయింది. ఆ పద్దును పైన చెప్పినట్టు డిసేబుల్ చేస్తే సందేశం ఆగిపోతుంది. స్టార్టప్‌లో దొరకకపోతే “టాస్క్ షెడ్యూలర్” తెరిచి అక్కడి జాబితాలో వెతకండి.

6. మూడో మెట్టులోని పరీక్షను మళ్లీ చేయండి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసిన తరువాతే చేయాలి. పాత పెన్ డ్రైవ్‌ను మళ్లీ ఫార్మాట్ చేసి, ఫోల్డర్ వేసి, తీసి పెట్టి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. బాణం రాకపోతేనే తరువాతి మెట్టుకు వెళ్లండి. వస్తే నాలుగు, ఐదు మెట్లు మళ్లీ చేయండి. రెండోసారి కూడా వస్తే, మీ ఫైళ్లన్నీ వేరేచోట భద్రపరచుకుని విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయించుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ స్థితిలో ఇంకా వెతుకుతూ కూర్చోవడం కంటే అదే తక్కువ పని.

7. ఇప్పుడు అసలు పెన్ డ్రైవ్ పెట్టండి. తెరవకుండానే దాని పేరు మీద రైట్ క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయండి. విండోస్ 11లో ఆ మాట కనబడకపోతే “షో మోర్ ఆప్షన్స్” నొక్కండి. స్కాన్ వైరస్‌ను తీసేస్తుంది గానీ దాచిన ఫైళ్లను బయటపెట్టదు. “స్కాన్ అయింది, అయినా ఫైళ్లు రాలేదు” అని నిరాశపడి చాలామంది ఫార్మాట్ చేసేది ఇక్కడే. ఇంకొక్క మెట్టు ఆగండి.

8. దాచిన ఫైళ్లను బయటికి తెండి. స్టార్ట్ మెనూలో “కమాండ్ ప్రాంప్ట్” తెరవండి. మీ పెన్ డ్రైవ్ అక్షరం ఏదో ముందు చూసుకోండి. అది “ఈ” (E) అనుకుంటే, ఇంగ్లీషులో E అక్షరం, దాని పక్కన కోలన్ కొట్టి ఎంటర్ నొక్కండి. వరుస మొదట్లో ఆ అక్షరమే కనిపించాలి. తరువాత ఫోనులో చెప్పినట్టుగా అక్షరాలు విడివిడిగా చెబుతాను, ఇంగ్లీషు చిన్న అక్షరాలలో కొట్టండి: ఏ, టీ, టీ, ఆర్, ఐ, బీ కలిపి ఒకే మాటగా; ఖాళీ; మైనస్ గుర్తు, దాన్ని ఆనుకుని హెచ్; ఖాళీ; మైనస్, ఆర్; ఖాళీ; మైనస్, ఎస్; ఖాళీ; స్లాష్, ఎస్; ఖాళీ; స్లాష్, డీ; ఖాళీ; నక్షత్రం గుర్తు, చుక్క, నక్షత్రం గుర్తు. స్లాష్ అంటే ప్రశ్నార్థకం ఉన్న మీట మీది గీత. ఎంటర్ నొక్కి, మళ్లీ పాత వరుస వచ్చేదాకా ఆగండి. ఫైళ్లు ఎక్కువగా ఉంటే కొన్ని నిమిషాలు పట్టవచ్చు.

పొరపాట్లు ఎక్కువగా జరిగే మెట్టు కనుక కొంచెం నిలబడి చెబుతాను. మొదటిది, వరుస మొదట్లో సి అక్షరం ఉండగా ఈ ఆదేశం ఇవ్వకండి, విండోస్ దాచి ఉంచుకునే సొంత ఫైళ్ల గుర్తులు చెదిరిపోతాయి. రెండోది, మైనస్ ఎస్ మరిచిపోతే మైనస్ హెచ్ పనిచేయదు, ఎందుకంటే “సిస్టమ్” గుర్తు ఉన్నంతకాలం “హిడెన్” గుర్తును తీయడానికి విండోస్ ఒప్పుకోదు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో “హిడెన్” పక్కన టిక్ తీయబోతే అది మసకబారి కదలకపోవడానికి కూడా కారణం ఇదే. మూడోది, మధ్యలో “యాక్సెస్ డినైడ్” అని ఒక వరుస వస్తే భయపడకండి. అది సాధారణంగా “సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్” అనే ఫోల్డర్ గురించి. ఆ ఫోల్డర్‌ను విండోసే సృష్టిస్తుంది, అది వైరస్ కాదు.

ఆదేశాలు కొట్టడం కష్టమనుకునేవారికి ప్రత్యామ్నాయం ఉంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో “వ్యూ”లోకి వెళ్లి “హిడెన్ ఐటమ్స్” చూపించమని టిక్ పెట్టండి. తరువాత “ఆప్షన్స్”లో “వ్యూ” విభాగం తెరిచి, రక్షిత ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లను దాచమనే వరుసకు ఉన్న టిక్ తీసేయండి. అసలు ఫోల్డర్లు పాలిపోయిన రంగులో కనబడతాయి. వాటిని కాపీ చేసుకోవచ్చు. పని అయ్యాక ఆ టిక్ తిరిగి పెట్టడం మాత్రం మరవకండి.

9. అసలును నకలునుంచి వేరుచేయండి. ఇప్పుడు ఒకే పేరుతో రెండేసి కనబడతాయి: ఒకటి ఫోల్డర్, రెండోది షార్ట్‌కట్. తెరవడానికి డబుల్ క్లిక్ వాడకుండా, ఎక్స్‌ప్లోరర్‌కు ఎడమవైపు ఉండే చెట్టులాంటి జాబితాలోంచి వెళ్లండి. ఆ జాబితాలో నిజమైన ఫోల్డర్లు మాత్రమే వస్తాయి, షార్ట్‌కట్‌లు రావు. పేరు లేని ఫోల్డర్ ఒకటి కనిపిస్తే దాన్ని వదిలేయకండి, మీ ఫైళ్లన్నీ అందులోనే ఉండవచ్చు. కంప్యూటర్‌లో ఒక కొత్త ఫోల్డర్ పెట్టి, ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, వర్డ్, ఎక్సెల్, పేజ్‌మేకర్ ఫైళ్ల లాంటి మీ సొంత పని మాత్రమే అందులోకి కాపీ చేయండి. ఈఎక్స్ఈ, వీబీఎస్, జేఎస్ తోకలున్న ఫైళ్లను, షార్ట్‌కట్‌లను తేవద్దు. తోకలు కనబడాలంటే “వ్యూ”లో “ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్” టిక్ పెట్టుకోవాలి. ఈ టిక్‌ను శాశ్వతంగా ఉంచేయండి. 2000 మేలో ప్రపంచమంతా పాకిన “ఐ లవ్ యూ” వైరస్ ఫైలు పేరులో చివరి వీబీఎస్ తోకను విండోస్ దాచిపెట్టడం వల్ల అది మామూలు ఉత్తరంలా కనిపించింది. ఇప్పటికీ “రెజ్యూమె, చుక్క, పీడీఎఫ్, చుక్క, ఈఎక్స్ఈ” లాంటి పేర్లతో అదే మోసం జరుగుతోంది.

10. సరిచూసుకుని, ఆ తరువాతే ఫార్మాట్ చేయండి. కాపీ అయిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఎన్ని ఫైళ్లు, ఎన్ని జీబీ అని చూసి, పెన్ డ్రైవ్‌లోని అసలుతో పోల్చండి. మొదట్లో రెండు, మధ్యలో రెండు, చివర రెండు ఫొటోలు తెరిచి పూర్తిగా వస్తున్నాయో చూడండి. అంతా సరిగ్గా ఉంటే పెన్ డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి. క్విక్ ఫార్మాట్ సరిపోతుంది. పాత యంత్రాలలో కూడా పనిచేయాలంటే ఎఫ్ఏటీ32 ఎంచుకోండి, కానీ అందులో 4 జీబీకి మించిన ఒకే ఫైలు పట్టదు. పెద్ద వీడియోలుంటే ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకోండి.

11. వైరస్ మీ కంప్యూటర్‌లో నడిచిందని తేలితే, ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను వేరే పరికరం నుంచి మార్చండి. ఇలాంటి స్క్రిప్ట్‌లలో కొన్ని బయటి నుంచి ఆదేశాలు అందుకుని, మీరు టైపు చేసేదాన్ని దొంగిలించే ప్రోగ్రాములను కూడా తెచ్చిపెడతాయి. ఖాతాలో డబ్బు పోయినట్టు గమనిస్తే మరుక్షణమే సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బును ఆపగలిగే అవకాశం తగ్గుతుంది.

మళ్లీ అంటుకోకుండా

షాపుకు ఇచ్చే పెన్ డ్రైవ్‌ను వేరుగా పెట్టుకోండి. చిన్నది, 4 జీబీదో 8 జీబీదో చాలు, దానిలో ఆ రోజు ప్రింటుకు కావలసిన ఫైలు తప్ప ఏమీ ఉండకూడదు. ఇంటికి వచ్చాక దాన్ని తెరవకుండానే, పేరు మీద రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ చేయండి. నేను 2014 తరువాత పాటిస్తున్న పద్ధతి ఇదే, అప్పటి నుంచి నా కంప్యూటర్‌కు షాపుల నుంచి ఏదీ అంటలేదు. వాట్సాప్‌లో పంపితే పెన్ డ్రైవ్ బాధే లేదని కొందరు అంటారు. వైరస్ విషయంలో అది నిజమే కానీ, ఆధార్, పాన్ ప్రతులు షాపు ఫోనులో మిగిలిపోతాయి. అలాంటి వాటికి నేను ఇప్పటికీ చిన్న పెన్ డ్రైవ్‌నే వాడతాను. కెమెరా ఎస్‌డీ కార్డు ఇవ్వవలసి వస్తే దాని పక్కనున్న చిన్న లాక్‌ను కిందికి జరిపి ఇవ్వండి, అప్పుడు షాపు కంప్యూటర్ సాధారణంగా దాని మీద ఏమీ రాయలేదు. ఫోనును కేబుల్‌తో కలిపి ఫైళ్లు ఇస్తే, అది పెన్ డ్రైవ్‌లా ఒక డ్రైవ్ అక్షరంతో కనబడదు కనుక ఈ రకం వైరస్ సాధారణంగా దానికి అంటుకోదు.

పెన్ డ్రైవ్ పెట్టగానే దానంతట అదే ప్రోగ్రాము నడిచే ఏర్పాటును మైక్రోసాఫ్ట్ విండోస్ 7 నుంచి తొలగించింది, 2011 ఫిబ్రవరిలో ఎక్స్‌పీ, విస్టాలకు కూడా ఆ సవరణను అందించింది. ఆ సవరణ చేరని పాత ఎక్స్‌పీ యంత్రాలలో మాత్రం పెన్ డ్రైవ్ పెట్టడమే ప్రమాదం. అలాంటిది కనిపిస్తే మీ పెన్ డ్రైవ్ ఇవ్వకండి.

విండోస్ అప్‌డేట్‌లను ఆపకండి. నెట్ ఖర్చవుతుందని, కంప్యూటర్ ఆగిపోతుందని వాటిని ఆపించుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ 2017 మే 12న వ్యాపించినప్పుడు ఏ లోపం ద్వారా దూరిందో ఆ లోపానికి సవరణ మార్చిలోనే, రెండు నెలల ముందే వచ్చేసింది. అప్‌డేట్ వేసుకోని యంత్రాలే దొరికిపోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కనుక, మీ కంప్యూటర్ విండోస్ 11ను మోయగలిగితే మారిపోవడం మంచిది.

పెన్ డ్రైవ్‌లు రోజూ చేతులు మారే షాపులు నడిపేవారికి ఒక మనవి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ఉచిత పరికరాలను అందిస్తోంది. వాటిలో కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడ్యాక్ తయారుచేసిన “యూఎస్‌బీ ప్రతిరోధ్” పెన్ డ్రైవ్‌ల వాడకాన్ని అదుపులో ఉంచడానికి ఉద్దేశించినదే. అది కుదరకపోయినా, ఉదయం షాపు తెరవగానే మూడో మెట్టులోని పరీక్ష చేసుకోండి, పది నిమిషాల పని. మీ దగ్గరికి వచ్చిన పిల్లల సర్టిఫికెట్లు మీ చేతుల్లో ఉన్నాయి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది రెండో ప్రతి. 2020లో మా పిన్ని కొడుకు తన ఫొటో స్టూడియోలో ఆల్బమ్ డిజైన్ కోసం ఒక క్రాక్ ప్లగిన్ దించుకున్నాడు. యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని అక్కడే రాసి ఉంటే అలాగే చేశాడు. మరునాడు ఉదయానికి ప్రతి ఫైలు పేరు చివరా నాలుగు కొత్త అక్షరాలు చేరాయి, ఒక్క ఫొటో కూడా తెరుచుకోలేదు. ప్రతి ఫోల్డర్‌లోనూ 980 డాలర్లు కట్టమని, 72 గంటలలోపు సంప్రదిస్తే 490 అని ఒక ఉత్తరం ఉంది. ఇది షార్ట్‌కట్ వైరస్‌లా దాచేది కాదు, తాళం వేసేది. ఏ ఆదేశంతోనూ తిరిగి రాదు. డచ్ పోలీసులు, యూరోపోల్ తదితరులు 2016లో మొదలుపెట్టిన “నో మోర్ రాన్సమ్” సైట్‌లో కొన్ని రకాలకు ఉచిత తాళంచెవులు దొరుకుతాయి, అతనికి పట్టిన రకానికి దొరకలేదు. బ్యాకప్ డిస్క్ అతని దగ్గర ఉంది, కానీ ఎప్పుడూ కంప్యూటర్‌కు తగిలించే ఉండేది కనుక దానికీ తాళం పడింది. ఇంకా ఫార్మాట్ చేయని రెండు కెమెరా కార్డులలోని ఫొటోలే మిగిలాయి.

కాబట్టి బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొనుక్కుని, వైరస్ లేదని పరీక్షించుకున్న రోజున మాత్రమే తగిలించండి. నెలకోసారి కొత్త ఫైళ్లు కాపీ చేసి, తేదీ రాసిన చీటీ దాని మీద అంటించండి. కాపీ అయ్యాక ఆ డిస్క్‌లోంచే ఏవైనా మూడు ఫైళ్లు తెరిచి చూసి, కేబుల్ తీసి బీరువాలో పెట్టేయండి.